రైట్ అంటే ఎటు

ముప్పై ఏళ్ళుగా రైలు నడుపుతున్నాను. కాగితాల మీద మా పేరు లోకో పైలట్ అని మార్చారు గానీ, టాటానగర్‌లో మా శ్రీకాకుళం వాళ్ళకి నేను ఇప్పటికీ డ్రైవరు బాబునే. ఇనుప రాయి నింపిన గూడ్సు బండి వెనకాల ఎంత పొడవుంటుందంటే, ఇంజను వంతెన దాటి టీ తాగేంత సేపయినా చివరి పెట్టె వంతెన ఎక్కదు. అంత బండి నడిపేవాడికి కారొక లెక్కా అని అందరూ అనేవాళ్ళు. నేనూ అనుకునేవాణ్ణి. రైలుకి స్టీరింగ్ ఉండదన్న సంగతి మా ఇంటికి కారు వచ్చేదాకా ఒక్కరికీ తట్టలేదు.

కారు నా కోసం కొన్నది కాదు. నాకు స్కూటరుంది, డ్యూటీకి పోవడానికీ రావడానికీ అది చాలు. మా అమ్మాయికి గమ్హరియాలో, కారు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ టెస్టింగ్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పొద్దున్న ఆరింటికి షిఫ్టు. మేముండేది సోనారిలో. ఆ వేళకి నది దాటి అటు వెళ్ళే ఆటో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఆ షిఫ్టుకి బస్సు లేదు, వచ్చే ఏర్పాటు మీదేనని ఫ్యాక్టరీ వాళ్ళు ముందే చెప్పేశారు. చదువు పూర్తి చేసుకుని చేరడానికి మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా పిల్లకి కారు నడపడం వస్తే ఉద్యోగం ఉంటుంది, రాకపోతే ఉండదు.

మా అమ్మాయి పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. నేను తెలుగులో అడుగుతాను, ఆమె హిందీలో జవాబు చెబుతుంది. నన్ను పాపా అని పిలుస్తుంది. జ్వరం వస్తే మాత్రం నాన్నా అంటుంది. అందుకని అప్పుడప్పుడూ కాస్త జ్వరం వచ్చినా బాగుండుననిపిస్తుంది. ఈ మాట ఒకసారి మా ఆవిడ దగ్గర నోరు జారి, చివాట్లు తిన్నాను.

మా గార్డు ఒకాయన కొత్త కారు తీసుకుంటూ పాతది నాకిచ్చాడు. తానే నడుపుకుంటూ తెచ్చి మా అపార్టుమెంటు కింద పెట్టి వెళ్ళాడు. ఇన్సూరెన్సు నా పేరు మీదికి మార్పించాలి కదా. దానికి కద్మాలో ఉండే మా బావమరిది దగ్గరికి వెళ్ళాం. సొంత బావమరిది కాడు, మా ఆవిడకి వరసకి తమ్ముడు. ఇన్సూరెన్సు ఏజెంటు. వరస దూరమైనా వేళాకోళం మాత్రం దగ్గర చుట్టానికి తగ్గకుండా చేస్తాడు.

"ముందొక మాట సెప్పు బావా. బండి నడిపేదెవులు?" అన్నాడు ఫారం తీస్తూ.

"అమ్మాయి. లెర్నర్సు లైసెన్సుంది. డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజులు నేర్సుకుంది కూడాను. ఇంక నాను పక్కన కూకుని సెయ్యి తిరిగేటట్టు సేత్తాను."

"అయితే జాగ్రత్తగా విను. నేర్సుకుంటన్నోలు నడపొచ్చు, పాలసీ ఒప్పుకుంటాది. గాని ముందూ యెనకా ఎర్ర ఎల్ బోర్డుండాలి. పక్కన కారు లైసెన్సున్న మనిసుండాలి. ఊరికే కూకుంటే సాలదు, అవసరమైతే బండి ఆపగలిగే సోట కూకోవాలి. ఇందులో ఏదొకటి నేకపోయినా, రేపేటైనా జరిగితే కంపెనీ మొహం సూడదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకి మా రైల్వే రూల్సు పుస్తకంలాంటి మాట విన్నాను! ఎవరెక్కడ కూర్చోవాలో, ఏం చెయ్యాలో, చెయ్యకపోతే ఏమవుతుందో అన్నీ ఉన్నాయి. మా అమ్మాయికేసి చూసి, విన్నావా అన్నట్టు కళ్ళెగరేశాను. ఆమె ఫోను చూసుకుంటోంది.

"నీ లైసెన్సు ఇలాగియ్యి బావా."

ఇవ్వలేదు. చేతి నించి చేతికి పోయిన కాగితం తిరిగి రావడం నా సర్వీసులో నేను చూడలేదు. కార్డు నా చేతిలోనే పట్టుకుని నంబరు చదివాను, అతను రాసుకున్నాడు.

"కారుదే కదా?"

"గేరున్న కారుదే," అన్నాను గట్టిగా.

ఎందుకన్నానంటే, కార్డు మీద నాలుగక్షరాలున్నాయి. ఎం, సీ, డబ్ల్యూ, జీ. రైల్వేవాడి బతుకంతా పొడి అక్షరాలే. మాకు రోగమొస్తే దాన్ని కూడా మూడక్షరాల్లో రాస్తారు. అలాంటివాడికి నాలుగక్షరాలు విప్పడం ఎవరైనా నేర్పాలా? మోటార్ కార్ విత్ గేర్. స్కూటరు కోసం ఆఫీసు చుట్టూ తిరిగితే కారు లైసెన్సెలా ఇచ్చారన్న అనుమానం, ఆ కార్డు చేతికొచ్చిన రోజున ఒక నిమిషం పాటు నాకూ వచ్చింది. దరఖాస్తులో ఉద్యోగం దగ్గర రైలు డ్రైవరని రాశాను కదా, అంత పెద్ద బండి నడిపేవాడికి కారు పరీక్ష పెడితే బాగుండదని మర్యాదగా ఇచ్చేసి ఉంటారని సరిపెట్టుకున్నాను. ప్రభుత్వం మీద నాకు ఆ మాత్రం గౌరవం ఉంది.

మర్నాటి నించి సోనారి ఏరోడ్రోమ్ గోడ పక్క రోడ్డు మీద మా పాఠాలు మొదలయ్యాయి. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ కనబడగానే చెయ్యి చాచి పైకి చెప్పుకోవాలి. ఒకరు గ్రీన్ అంటే రెండోవారూ గ్రీన్ అనాలి. నిద్ర మత్తులోనైనా పొరపాటు పడకుండా ఉండడానికి పెట్టిన పద్ధతది. కార్లోనూ అదే పెట్టాను. నేను చెయ్యి చాచి "ఎడమ పక్కన ఆటో!" అంటాను. అమ్మాయి కూడా అనాలి. "ఎదురుగా ఆవు!" అంటాను. మొదటి రోజు అన్నీ అంది. రెండో రోజు ఆవులు మాత్రం అంది. మూడో రోజు నించి "దిఖ్ రహా హై, పాపా," అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. కనిపిస్తోందిలే అని.

బ్రేకు దగ్గర మాకు అసలు పొసగలేదు. నిండు గూడ్సు ఆగాలంటే కిలోమీటరు ముందు నించీ చూసుకోవాలి. రోడ్డు మీద ఎక్కడో దూరాన ఎర్ర లైటు కనబడితే చాలు, నా చెయ్యి దానంతటదే హ్యాండ్ బ్రేకు మీదికి పోయేది. బండి ఆపగలిగే చోట కూర్చోమని పాలసీయే చెప్పింది కదా! "హోల్డాన్!" అని అరిచేవాణ్ణి.

"క్యా హోల్డ్ కరూఁ?" అని అడిగింది పిల్ల మొదటిసారి. ఏం పట్టుకోమంటావు అని.

"హోల్డాన్ అంటే ఆపమనమ్మా!"

"తో ఆపమని బోలియే నా!" మరి ఆపమనే చెప్పొచ్చుగా అని.

వెనకాల నాలుగు స్కూటర్లు హారన్ కొడుతున్నాయి. పిల్ల దండం పెట్టినంత పని చేసింది. "పాపా, యే మాల్‌గాడీ నహీఁ హై." ఇది గూడ్సు బండి కాదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నా కుడిచేతికి చెప్పడం కష్టం.

ఇంటికెళితే మా ఆవిడ, "పాఠం ఎలాగయినాదే?" అని పిల్లని అడిగేది గానీ నన్నడిగేది కాదు. అయినా పిల్లకి చెయ్యి కుదురుతోంది. నా మాట వినని రోజుల్లో మరీ బాగా నడిపేది. ఇది నేనప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆరో వారంలో ఒక ఆదివారం, పొద్దున్న పాఠం ముగించుకుని ఇంటికొచ్చాం. మా అపార్టుమెంటు గేటు సందు కొంచెం ఇరుకు, రెండు పక్కలా సిమెంటు స్తంభాలు. వాచ్‌మన్ గేటు తీశాడు. అమ్మాయి కారు ఆపి నాకేసి చూసింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి నా వైపు చూశాను, ముందుకి వంగి ఆమె వైపు చూశాను. రెండు పక్కలా జానెడు ఖాళీ ఉంది. తిన్నగా పోనిస్తే చాలు. సంతోషంగా చెయ్యెత్తి, ప్లాట్‌ఫారం మీద గార్డు చెప్పినట్టు, "రైట్, రైట్!" అన్నాను.

పిల్ల కుడివైపుకి తిప్పింది.

కుడి హెడ్‌లైటు స్తంభానికి తగిలి పగిలింది. దాని పక్క రేకు లోపలికి పోయింది. హ్యాండ్ బ్రేకు నేను అన్నీ అయిపోయాక లాగాను. బాల్కనీల్లోకి జనం వచ్చేశారు, ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. అంతమంది చూస్తుంటే నాకు కోపం నషాళానికంటింది.

"రైటంటే ఎల్లమని గదా! కుడేపు తిప్పమని ఎవులు సెప్పినారు? రైటంటే ఏటో కూడా తెలీదేటి నీకు?"

పిల్ల కారు మెల్లగా లోపల పెట్టి, మెట్లెక్కి, తాళం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. "ముఝ్‌సే నహీఁ హోగా," అంది. నా వల్ల కాదు అని. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మర్నాడు పొద్దున్న నేను చెప్పులేసుకుని నిలబడితే గదిలోంచి బయటికే రాలేదు. ఆ వారమంతా తాళం ఫ్రిజ్ మీదే ఉంది. ఉద్యోగానికి రాలేనని ఫ్యాక్టరీ వాళ్ళకి ఉత్తరం రాసుకుంటోందని మా ఆవిడ వంటింట్లోంచి, నాకు వినబడేలా గిన్నెలతో చెప్పింది.

నేను మాత్రం తప్పు పిల్లదేనని నమ్ముతూనే ఉన్నాను. రైట్ అన్న మాట తెలియకపోవడమేమిటి? నా చిన్నప్పుడు మా ఊళ్ళో బస్సు కండక్టరు తలుపు మీద కొట్టి "రైట్ రైట్" అంటే బండి కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. కుడివైపుకి మళ్ళిన బస్సు ఒక్కటీ లేదు. ఉద్యోగంలో చేరాక గార్డు నోటా అదే మాట. ఆ మాట మీద ముప్పై ఏళ్ళు అంత బరువు లాగాను. తెలుగు బస్సు ఎక్కిన పసిపిల్లలకి కూడా తెలిసిన మాట.

తెలుగు బస్సు అనుకున్నాక ఆగాను. మా పిల్ల తెలుగు బస్సు ఎప్పుడెక్కింది? ఊరికి తీసుకెళితే రైలు, పాసు మీద. స్టేషన్ నించి ఆటో. ఈ ఊళ్ళో బస్సువాడు "చలో చలో" అంటాడు, ఆటోవాడు "జానే దో" అంటాడు. ఇరవై రెండేళ్ళలో ఆ పిల్ల చెవిన రైట్ అన్న మాట స్కూల్లో పడింది, అక్కడ దానర్థం కుడి. ఈ సంగతి నాకు గురువారం నాడు షంటింగ్ కోసం ఇంజను ఆపుకుని ఖాళీగా కూర్చున్నప్పుడు తట్టింది. తట్టింది గానీ ఇంటికెళ్ళి చెప్పబుద్ధి కాలేదు.

శనివారం మా బావమరిది క్లెయిమ్ ఫారం పట్టుకుని ఇంటికొచ్చాడు. పిల్ల తాను నింపాల్సినవి నింపేసి లోపలికి వెళ్ళింది. ప్రమాదం ఎలా జరిగింది అన్న గడిలో, నాది తప్పు, పొరపాటున కుడివైపు తిప్పాను అని చక్కటి అక్షరాలతో రాసింది. నా మాటెక్కడా లేదు.

"కాపీ తియ్యాలి, కార్డియ్యి బావా," అన్నాడు మా బావమరిది. ఈసారి తప్పదు కదా, ఇచ్చాను. కార్డు చూశాడు. తిప్పి చూశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"బావా, ఇదేటి?"

"ఏటేటి? మోటార్ కార్ విత్ గేర్."

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఓలమ్మో! ఓ అప్పా, ఇటు రాయే! మోటార్ సైకిల్ విత్ గేర్ బావా ఇది! కారుకైతే ఎల్ ఎం వీ అనుంటాది. నీకున్నది స్కూటరు లైసెన్సు. కారు ముట్టుకోడానికి నీ కూతురుకి కాగితముంది గాని నీకు నేదు!"

తమ్ముడి కేకకి మా ఆవిడ చేతిలో గరిటెతో వచ్చింది. వెనకాలే పిల్ల వచ్చింది. ఆరు వారాలు చెయ్యి చాచి ఆవుల పేర్లు చెప్పినవాణ్ణి, నేలకేసి చూస్తూ నిలబడ్డాను. మనిషికి సిగ్గు ఇంత వేడిగా ఉంటుందని అంతకుముందు తెలియదు.

బావమరిది నవ్వాపి, గొంతు తగ్గించాడు. "ఉన్నదున్నట్టు రాత్తే క్లెయిమ్ పోతాది బావా. ఒక పని సేద్దాం. నాకు కారు లైసెన్సుంది. ఆ దినం పక్కన కూకున్నది నానే అని రాసేద్దాం. మేనకోడలికి మేనమామ నేర్పడం వింతేటి? ఎవులడుగుతారు?"

ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో దాచుకోను. రిపేరు డబ్బు కన్నా, నా నాలుగక్షరాల సంగతి ఆ గది దాటి పోదన్నది మరీ తియ్యగా ఉంది. ఫారం నా ముందుకి జరిపాడు. పిల్ల నాకేసే చూస్తోంది. ఆ కాగితం మీద ఆమె రాసిన "నాది తప్పు" అన్న మాట అలాగే ఉంది. నేను పక్కన బావమరిది పేరు రాస్తే, ఆ మాట అలాగే ఉండిపోతుంది. కాగితమ్మీదా ఉంటుంది, పిల్ల మనసులోనూ ఉంటుంది. తాళం ఫ్రిజ్ మీదే ఉంటుంది.

రైల్వేలో ఏదైనా జరిగితే ముందుగా స్టేట్‌మెంట్ రాయిస్తారు. ఎప్పుడు రాసినా నేను చూసిందే రాశాను, ఆ ఒక్క గర్వం నాకుంది. పెన్ను తీసుకుని పిల్ల రాసింది కొట్టేశాను. కింద నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. పక్కన కూర్చున్నది నేను. నా దగ్గర కారు లైసెన్సు లేదు, ఉందనుకున్నాను. గేటు దగ్గర నేను రైట్ అన్నాను, వెళ్ళమని నా ఉద్దేశం. డ్రైవరు తనకి ఇచ్చిన సిగ్నల్ ప్రకారమే బండి తిప్పింది. సిగ్నల్ ఇచ్చినవాడిది తప్పు. డ్రైవరు మీద తప్పేమీ లేదు.

"అయిపోనాది," అన్నాడు బావమరిది ఫారం చదివి. "ఈ కాగితం కంపెనీకెందుకు బావా, పటం కట్టుకో."

పిల్ల అతని చేతిలోంచి కాగితం లాక్కుని చదివింది. ఒకసారి చదివి నాకేసి చూసింది. రెండోసారి చదువుతూ, "మోటార్ కార్ విత్ గేర్," అని తనలో తాను అనుకుంది. ఆ తరవాత నవ్వు మొదలైంది. వంటింటి గుమ్మం పట్టుకుని, కిందకి జారి, నేలమీద కూర్చుని నవ్వింది. వారం తరవాత ఆ ఇంట్లో పిల్ల నవ్వు విన్నాను. నన్ను చూసి నవ్వుతున్నా నాకు హాయిగానే ఉంది.

క్లెయిమ్ వెయ్యలేదు. హెడ్‌లైటు మేమే మార్పించుకున్నాం. కార్డు చూడకుండా నంబరు రాసుకున్న పాపానికి మా బావమరిదికి శిక్ష మా ఆవిడ వేసింది. రోజూ పొద్దున్న ఐదున్నరకి కద్మా నించి వచ్చి మేనకోడలి పక్కన కూర్చోవాలి. నేను వెనక సీట్లో కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. గూడ్సు బండిలో గార్డు కూడా అంత దూరంగా, అంత ఒంటరిగా ఉండడు. బావమరిది ఆవుల్ని పేరు పెట్టి పిలవడు, రైట్ అనడు. "ఎల్లమ్మా," అంటాడు, పిల్ల వెళుతుంది. నది మీద వంతెన దాటి ఆదిత్యపూర్ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. గేటు స్తంభాల మధ్య నించి మొదటిసారి తిన్నగా లోపలికి పోయిన రోజు, వెనక సీట్లో నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

పరీక్ష ఒక్కసారికే పాసయింది. ఉద్యోగంలో చేరింది. ఎల్ బోర్డులు పీకేస్తానంటే నేనే వద్దన్నాను, వాటితో పనుందని.

ఈ వయసులో నేను లెర్నర్సు పరీక్ష రాశాను. కంప్యూటరు మీద బొమ్మలు చూపించి ఏమిటో చెప్పమన్నారు. సిగ్నల్ బొమ్మలన్నీ సరిగ్గా చెప్పాను. ఇప్పుడు ఆదివారాలు నేను కుడి సీట్లో కూర్చుంటాను. నా పక్కన, బండి ఆపగలిగే చోట, కారు లైసెన్సున్న మనిషి కూర్చుంటుంది. ఆమె చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంటుంది. ఆ అలవాటు ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పాలా?

మొన్న ఆదివారం ఏరోడ్రోమ్ రోడ్డు మలుపులో ఒక ఆవు అడ్డంగా నిలబడింది. ఆపాను, నాకు ఆపడం బాగా వచ్చు. ఆవు తాపీగా పక్కకి తప్పుకుంది. పిల్ల ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, చెయ్యెత్తింది.

"రైట్!" అంది.

నేను కదల్లేదు. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. వెనకాల ఆటో హారన్ కొట్టింది.

"ఏ రైటమ్మా?" అన్నాను.

"ఎల్లమని, నాన్నా."

నా చెయ్యి స్టీరింగ్ వదిలేసి, జ్వరమేమో చూద్దామని ఆమె నుదుటి మీదికి పోబోయింది.

"హోల్డాన్!" అని అరిచింది పిల్ల.

చెయ్యి వెనక్కి తెచ్చుకుని, గేరు వేసి, తిన్నగా పోనిచ్చాను.